విమాన వాహక నౌకలు: హైదరాబాద్ పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

కంచన్‌బాగ్ వైపు సిటీ బస్సెక్కే చాలామందికి డీఎంఆర్‌ఎల్ చౌరస్తా అంటే ఒక స్టాపు పేరు, అంతే. మనం సొంతంగా కట్టుకున్న విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ ఒంటికి వాడిన ఉక్కు ఆ పేరున్న ల్యాబ్‌లోనే పుట్టిందని చెబితే ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత ప్రశ్నల వర్షం మొదలవుతుంది. ఇంజినీరింగ్ పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, రిటైరైన ఉద్యోగులు ఎక్కువగా అడిగేవాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం.

పెద్ద ఓడ కట్టి పైన రన్‌వే వేస్తే విమాన వాహక నౌక అయిపోదా?

అవ్వదు. ఈ నౌకల డిజైన్ ఓడ దగ్గర కాదు, విమానం దగ్గర మొదలవుతుంది. ఏ విమానం ఎగరాలి, ఎంత బరువు ఆయుధాలతో ఎగరాలి, గంటకు ఎన్ని లేవాలి, ఎన్ని దిగాలి అన్నవి ముందు తేల్చుకోవాలి. వాటిని బట్టి డెక్ పొడవు తేలుతుంది. డెక్‌ను బట్టి కింద హ్యాంగర్ వైశాల్యం, హ్యాంగర్ నుంచి విమానాన్ని పైకి తెచ్చే లిఫ్టుల కొలతలు, విమాన ఇంధనం ట్యాంకులు, బాంబులు దాచే గదులు నిర్ణయమవుతాయి. ఇవన్నీ మోస్తూ వేగంగా పరుగెత్తగల ఒళ్లు ఎలా ఉండాలన్నది చివరికొచ్చే లెక్క.

మొదట్లో ఒక్క కొలత తప్పినా ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఫ్రాన్స్ వాళ్ల చార్ల్స్ డీ గాల్ నౌకలో ఇదే జరిగింది. హాక్‌ఐ నిఘా విమానం క్షేమంగా దిగి మలుపు తిరగడానికి ల్యాండింగ్ డెక్ పొడవు చాలదని నౌక తయారవుతుండగా తేలింది. డెక్‌ను నాలుగు మీటర్లకు పైగా పొడిగించాల్సి వచ్చింది. మన విక్రాంత్ లిఫ్టులు మిగ్-29కె యుద్ధవిమానం కొలతలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇప్పుడు రాబోతున్న రఫేల్-ఎం రెక్కలు ముడుచుకోవు. అందుకే రఫేల్ ఎంపిక సమయంలో లిఫ్టు కొలతల మీద అంత చర్చ నడిచింది.

ఓడ వేగం కూడా విమానం కోసమే. విమానాలు లేచేటప్పుడు, దిగేటప్పుడు నౌక గాలికి ఎదురుగా తిరిగి పరుగు తీస్తుంది. విక్రాంత్ గరిష్ఠ వేగం 28 నాట్లు, అంటే గంటకు దాదాపు 52 కిలోమీటర్లు. ఎదురుగాలి మరో 20 కిలోమీటర్లు ఉందనుకోండి, విమానం చక్రం కదలకముందే దాని రెక్కల మీద 70 కిలోమీటర్ల గాలి ఆడుతుంటుంది. డెక్ మీద అసలే స్థలం తక్కువ కాబట్టి ఆ 70 ఎంతో విలువైనవి.

శంషాబాద్ రన్‌వే నాలుగు కిలోమీటర్లకు పైగా ఉంది కదా, రెండు వందల మీటర్లలో యుద్ధవిమానం ఎలా లేస్తుంది?

రెండు దారులున్నాయి. ఒకటి క్యాటపుల్ట్. డెక్ కింద పొడవాటి గాడి ఉంటుంది. అందులో ఆవిరి ఒత్తిడితో పరుగెత్తే పిస్టన్లకు విమానం ముందు చక్రాన్ని తగిలిస్తారు. సుమారు 90 మీటర్ల దూరంలో, రెండు మూడు సెకన్లలో, గంటకు 250 కిలోమీటర్లు దాటిన వేగంతో విమానాన్ని విసిరేస్తుంది. అమెరికా, ఫ్రాన్స్ దారి ఇది.

రెండోది స్కీ జంప్. డెక్ ముందు భాగం పైకి వంపు తిరిగి ఉంటుంది. 1970లలో బ్రిటిష్ నౌకాదళ అధికారి డగ్లస్ టేలర్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. దీని వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇంటర్ పిల్లలకు కూడా అందేదే. వంపు చివర డెక్‌ను వదిలే క్షణానికి విమానానికి ఎగరడానికి చాలినంత వేగం ఉండదు. అయితే వంపు దాన్ని పైకి నెట్టింది కాబట్టి, కింద పడేలోపు గాల్లో కొన్ని సెకన్ల వ్యవధి దొరుకుతుంది. ఇంజిన్ పూర్తి శక్తితో లాగుతూ ఆ వ్యవధిలోనే మిగతా వేగం సంపాదించుకుంటుంది. అంటే రన్‌వేలో కొంత భాగాన్ని గాల్లోకి మార్చారన్నమాట.

మన విక్రాంత్, విక్రమాదిత్య రెండూ స్కీ జంప్ నౌకలే. పరుగు మొదలయ్యే ముందు చక్రాలకు అడ్డంగా డెక్‌లోంచి దిమ్మెలు పైకి లేచి విమానాన్ని ఆపి ఉంచుతాయి. పైలట్ ఇంజిన్‌ను పూర్తి శక్తికి తెచ్చాక దిమ్మెలు కిందికి దిగిపోతాయి, విమానం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. వీడియోలు చూసేటప్పుడు ఈసారి చక్రాల దగ్గర గమనించండి.

మనకు క్యాటపుల్ట్ లేకపోవడం వల్ల నష్టం ఉందా?

ఉంది, దాన్ని దాచుకోవాల్సిన పని లేదు. స్కీ జంప్ మీద విమానం తన ఇంజిన్ బలంతోనే లేవాలి. కాబట్టి ఇంధనం నిండుగా ఉంటే ఆయుధాలు తగ్గించుకోవాలి, ఆయుధాలు నిండుగా ఉంటే ఇంధనం తగ్గించుకోవాలి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. హాక్‌ఐ లాంటి బరువైన ప్రొపెల్లర్ నిఘా విమానం స్కీ జంప్ నౌక మీదినుంచి పనిచేయలేదు. అందుకే దూరం నుంచి వచ్చే శత్రు విమానాలను కనిపెట్టడానికి మనం కామోవ్-31 హెలికాప్టర్ల మీద ఆధారపడ్డాం. హెలికాప్టర్ అంత ఎత్తుకు వెళ్లలేదు, అంతసేపు గాల్లో ఉండలేదు. రాడార్ ఎంత ఎత్తున ఉంటే అంత దూరం చూస్తుంది కాబట్టి, నౌక చూపు ఆ మేరకు తగ్గినట్టే.

లాభం కూడా చెప్పాలి. స్కీ జంప్‌లో కదిలే యంత్రం లేదు, చెడిపోయేది లేదు. ఆవిరి అక్కర్లేదు. తక్కువ ఖర్చులో, తక్కువ మందితో నడుస్తుంది. మొదటి నౌకను సొంతంగా కట్టుకుంటున్న దేశానికి అది సరైన నిర్ణయమే అని నా అభిప్రాయం.

విద్యుదయస్కాంత క్యాటపుల్ట్ అంటారే, అదేంటి?

ఆవిరి పిస్టన్ స్థానంలో లీనియర్ మోటార్ వచ్చింది. మామూలు మోటారును కోసి తిన్నగా పరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, గుండ్రంగా తిరిగే బలం సూటిగా నెట్టే బలంగా మారుతుంది. ఒక్కో ప్రయోగానికి క్షణాల్లో కావలసిన భారీ విద్యుత్తును ముందే నిల్వ చేసుకోవాలి. అమెరికా వాళ్లు తిరిగే చక్రాల్లో దాన్ని దాచుకుంటారు. ఆవిరి ఒక్కసారిగా కుదుపు ఇస్తే, ఇది క్రమంగా తోస్తుంది, విమానం ఫ్రేమ్ మీద భారం తగ్గుతుంది. తేలికపాటి డ్రోన్‌కు ఒక రకంగా, బరువైన విమానానికి ఇంకో రకంగా తోపును సర్దుకోవచ్చు.

2017లో అమెరికా నౌకాదళంలో చేరిన జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ దీన్ని మొదట వాడింది. తొలి ఏళ్లలో నమ్మకంగా పనిచేయక చాలా ఇబ్బంది పెట్టింది, ఆ నౌక మొదటిసారి విధులకు బయల్దేరేసరికి 2022 వచ్చింది. చైనా 2025 నవంబరులో చేర్చుకున్న ఫుజియాన్‌లోనూ ఇదే పద్ధతి ఉంది. అణు రియాక్టర్ లేని నౌకలో విద్యుదయస్కాంత క్యాటపుల్ట్ నడపడం ఫుజియాన్ ప్రత్యేకత. మన తర్వాతి నౌక గురించి ఆలోచించేవాళ్లు దాన్ని శ్రద్ధగా చూడాలి.

లేవడం కష్టమా, దిగడం కష్టమా?

దిగడమే. విమానం తోక కింద ఉన్న కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన ఉక్కు తాడును పట్టుకోవాలి. విక్రాంత్ మీద అలాంటివి మూడు. తాడు చివరలు డెక్ కింద ఉన్న యంత్రాలకు కలిసి ఉంటాయి, అవి విమానం వేగాన్ని మింగేస్తాయి. రెండు మూడు సెకన్లలో, వంద మీటర్ల లోపు విమానం ఆగిపోతుంది.

నేల మీద దిగే పైలట్ చివర్లో ముక్కు పైకెత్తి మెల్లగా ఆనిస్తాడు. నౌక మీద అలా చేస్తే కొక్కెం తాళ్ల మీదుగా దాటిపోతుంది. అందుకే ఒకే వాలులో వచ్చి డెక్‌ను గుద్దినట్టే దిగాలి. చక్రం తగలగానే ఇంజిన్‌ను పూర్తి శక్తికి తోయాలి. ఆగాల్సిన సమయంలో వేగం పెంచడం ఏంటని ప్రతి ఒక్కరూ అడుగుతారు. కొక్కెం తాడును పట్టుకోకపోతే మళ్లీ గాల్లోకి లేవడానికి డెక్ మీద వేరే అవకాశం లేదు, పట్టుకుందో లేదో తెలిసేదాకా ఆగే వ్యవధీ లేదు.

ఒకప్పుడు డెక్ తిన్నగా ఉండేది. దిగే విమానం తాడు తప్పితే ముందు నిలిపి ఉంచిన విమానాల మీదికి దూసుకెళ్లేది. 1951లో బ్రిటిష్ నౌకాదళానికి చెందిన డెనిస్ కాంబెల్, ఇంజినీర్ లూయిస్ బాడింగ్టన్ కలిసి దీనికి పరిష్కారం చెప్పారు. ల్యాండింగ్ దారిని కొన్ని డిగ్రీలు ఎడమకు తిప్పారు, అంతే. తాడు తప్పితే విమానం సముద్రం వైపు లేచిపోతుంది, ముందు భాగం ఖాళీగా మిగులుతుంది, ఒకపక్క దిగుతుంటే ఇంకోపక్క లేపొచ్చు. ఇంత చిన్న మార్పు ఇన్ని ప్రాణాలు కాపాడటం ఇంజినీరింగ్‌లో అరుదుగా కనిపిస్తుంది. అదే కాలంలో కాలిన్ మిచెల్ ఆవిరి క్యాటపుల్ట్, నికొలస్ గుడ్‌హార్ట్ అద్దం సాయంతో దిగే దారి చూపించే పరికరం తెచ్చారు. జెట్ విమానాలు నౌకల మీద నిలదొక్కుకున్నాయంటే ఈ మూడింటి వల్లే. ఇదే పేరుతో 1961లో మన చేతికొచ్చిన పాత నౌక విక్రాంత్‌లో ఈ మూడూ ఉన్నాయి.

నౌక మీది టవర్ దాదాపు ఎప్పుడూ కుడివైపునే ఎందుకుంటుంది?

తొలినాటి విమానాల ప్రొపెల్లర్ తిరిగే తీరు వల్ల అవి ఎడమకు సులభంగా తిరిగేవి, పైలట్లూ ఇబ్బంది వస్తే ఎడమకే మళ్లేవారు. ఆ వైపు అడ్డు లేకుండా ఉంచారు. ఆ అలవాటే స్థిరపడింది.

అసలు ఈ ఆలోచన ఎవరిది?

1910 నవంబరులో యూజీన్ ఈలీ అనే అమెరికన్ పైలట్ యుద్ధనౌక మీద కట్టిన చెక్క వేదిక నుంచి విమానం లేపాడు. 1911 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో లంగరు వేసిన ఇంకో నౌక మీద దిగాడు. ఇసుక బస్తాలకు కట్టిన తాళ్లు అతని విమానాన్ని ఆపాయి. కొక్కెం పట్టుకునే నేటి ఉక్కు తాళ్ల మూలం అదే. కదులుతున్న నౌక మీద మొదట దిగింది బ్రిటన్‌కు చెందిన ఎడ్విన్ డన్నింగ్, 1917 ఆగస్టు 2న. ఐదు రోజుల తర్వాత అదే ప్రయత్నంలో ప్రాణాలు కోల్పోయాడు. విమాన వాహక నౌకగానే కట్టి నౌకాదళంలో ముందుగా చేర్చుకున్నది జపాన్ వాళ్ల హోషో, 1922లో.

అదే ఏడాది కుదిరిన వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకల నిర్మాణానికి పరిమితి పెట్టింది. సగంలో ఆగిన భారీ నౌకలను అమెరికా, జపాన్ విమాన వాహక నౌకలుగా మార్చుకున్నాయి. లెక్సింగ్టన్, సరటోగా, అకాగి, కాగా అలా వచ్చినవే. 1942 జూన్‌లో మిడ్వే దగ్గర జపాన్ నాలుగు విమాన వాహక నౌకలను పోగొట్టుకుంది. ఆ తర్వాత పసిఫిక్‌లో ఫిరంగి నౌకల పెత్తనం ముగిసింది. 1955లో వచ్చిన అమెరికా నౌక ఫారెస్టల్‌తో భారీ నౌకల శకం, 1961లో ఎనిమిది రియాక్టర్ల ఎంటర్‌ప్రైజ్‌తో అణుశక్తి శకం మొదలయ్యాయి.

సముద్రమే లేని హైదరాబాద్‌కు విక్రాంత్‌తో ఏం సంబంధం?

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ రాశామన్నా తప్పులేదు.

విక్రాంత్ పనులు మొదలయ్యేటప్పుడు యుద్ధనౌకల ఉక్కు రష్యా నుంచి తెప్పించుకోవాలన్నది ఆలోచన. సరఫరా సజావుగా సాగలేదు. ఉక్కు లేకపోతే నౌక లేదు. అప్పుడు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల, అంటే డీఎంఆర్‌ఎల్, రూపొందించిన డీఎంఆర్ 249ఎ, 249బి రకాలే దిక్కయ్యాయి. మొదటిది నౌక ఒంటికి, ఇంకా బలమైన రెండోది విమానాలు దిగే డెక్‌కు. భిలాయ్, బొకారో, రూర్కెలా ప్లాంట్లలో ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్ ఈ ఉక్కును ఉత్పత్తి చేసింది. విక్రాంత్‌కు తాము సుమారు 30,000 టన్నులు ఇచ్చామని సెయిల్ ప్రకటించింది.

ఉక్కులో అంత గొప్పేముంది, మన దగ్గర బోలెడు ప్లాంట్లున్నాయి కదా అంటారు. బలమైన ఉక్కు చేయడం కష్టం కాదు, కార్బన్ పెంచితే బలం వస్తుంది. కానీ కార్బన్ పెరిగితే వెల్డింగ్ చేసిన చోట పక్కనున్న లోహం పెళుసుగా మారుతుంది. విమాన వాహక నౌక అంటే వేల వేల మీటర్ల వెల్డింగే. 1943 జనవరిలో అమెరికాలో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ నౌక రేవులో కట్టేసి ఉండగానే, తుపాను లేదు, దాడి లేదు, పెద్ద శబ్దంతో దాదాపు రెండు ముక్కలుగా విరిగింది. చలికి ఉక్కు సాగే గుణం పోయి, ఒకచోట పుట్టిన పగులు వెల్డింగ్ గుండా నౌకంతా పాకింది. అప్పటి నుంచి నౌకల ఉక్కును బలంతో పాటు చలిలో పగులును ఎంత తట్టుకుంటుందన్న లెక్కతో తూస్తారు.

ఆ పరీక్ష చూడదగ్గది. పది మిల్లీమీటర్ల చదరం, 55 మిల్లీమీటర్ల పొడవున్న ఉక్కు ముక్క తీసుకుంటారు. మధ్యలో రెండు మిల్లీమీటర్ల లోతున వి ఆకారంలో గాటు పెడతారు. దాన్ని గడ్డకట్టే చలికి, 249ఎ విషయంలో మైనస్ 60 డిగ్రీలకు, తీసుకెళ్లి యంత్రం మీద అడ్డంగా పెడతారు. పైనుంచి బరువైన సుత్తి లోలకంలా ఊగుతూ వచ్చి కొడుతుంది. ముక్కను విరిచాక సుత్తి అవతల ఎంత ఎత్తుకు వెళ్లిందో చూస్తే, ఉక్కు ఎంత శక్తిని పీల్చుకుందో తెలుస్తుంది. విరిగిన ముఖం కూడా కథ చెబుతుంది. పంచదార పలుకుల్లా తళతళ మెరిస్తే ఉక్కు పెళుసు. బూడిదరంగులో నార నారగా చిరిగినట్టుంటే అది సాగి, పోరాడి విరిగింది. మెటలర్జీ విద్యార్థులు ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా చార్పీ యంత్రం దగ్గర ఇది స్వయంగా చూడొచ్చు.

ఇలాంటి ఉక్కులో కార్బన్ తగ్గించి, నియోబియం, వనేడియం లాంటి మూలకాలను అతి స్వల్పంగా కలిపి, లోహంలోని రేణువులను వీలైనంత సన్నగా చేస్తారు. రేణువు సన్నబడితే బలం, సాగే గుణం రెండూ కలిసి పెరుగుతాయి. లోహశాస్త్రంలో ఈ రెండూ ఒకేసారి దొరికే దారులు చాలా తక్కువ. ఉక్కు ఒక్కటి చేస్తే సరిపోదు, దానికి సరిపడే వెల్డింగ్ ఎలక్ట్రోడ్లు కావాలి, ప్లేట్ల వెనక బలాన్నిచ్చే ప్రత్యేక ఆకారపు కడ్డీలు కావాలి, వెల్డర్లకు కొత్త పద్ధతి నేర్పాలి.

ఇంత కష్టపడి సాధించినది ఒక్క నౌకతో ఆగలేదు. 2014లో విశాఖలో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ కమోర్తా కూడా ఈ ఉక్కుతో కట్టినదే. యుద్ధనౌకల ఉక్కు కోసం మనం ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాల్సిన అవసరం తీరింది. ఈ నగరం గురించి గర్వంగా చెప్పుకునేవాటిలో బిర్యానీ, చార్మినార్‌తో పాటు ఈ ఉక్కు ఎందుకుండదో నాకు అర్థం కాదు.

ఉక్కు కాకుండా హైదరాబాద్‌లో ఇంకేం ఉన్నాయి?

యుద్ధనౌకల నుంచి గాల్లోకి పేల్చే ఎంఆర్‌ఎస్‌ఏఎం క్షిపణులు భారత్ డైనమిక్స్‌లో తయారవుతాయి. నౌకాదళ నౌకల కోసం శక్తి అనే ఎలక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థను ఇక్కడి రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్ రూపొందించింది, శత్రు రాడార్లను పసిగట్టి గందరగోళపరచడం దాని పని. 2025 జూన్‌లో రఫేల్ తయారుచేసే ఫ్రాన్స్ సంస్థ దసో, మన టాటా సంస్థ కలిసి రఫేల్ ఫ్యూజలేజ్‌ను, అంటే విమానం మొండెం భాగాన్ని, హైదరాబాద్‌లో తయారు చేయడానికి ఒప్పందం చేసుకున్నాయి. 2028 ఆర్థిక సంవత్సరంలో మొదటి భాగాలు బయటికొస్తాయని ప్రకటించాయి.

విక్రాంత్‌కు అణు రియాక్టర్ ఎందుకు పెట్టలేదు?

అవసరం, అనుభవం రెండూ చూసుకుని. విక్రాంత్‌ను నాలుగు ఎల్‌ఎం2500 గ్యాస్ టర్బైన్లు నడుపుతాయి, మొత్తం 88 మెగావాట్లు. ఒకసారి ఇంధనం నింపితే 7,500 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 14,000 కిలోమీటర్లు వెళ్లగలదు. హిందూ మహాసముద్రానికి ఇది చాలు. అమెరికా నిమిట్జ్ తరగతి నౌకల్లో రియాక్టర్ ఇంధనం సుమారు పాతికేళ్లకు ఒకసారి మారుస్తారు. కానీ చాలామంది మర్చిపోయే సంగతేంటంటే, విమానాలకు ఇంధనం, మనుషులకు తిండి, బాంబులు అణు నౌకకైనా సముద్రంలో సరఫరా నౌకలే తెచ్చివ్వాలి.

మొదలుపెట్టాక పదిహేడేళ్లు ఎందుకు పట్టింది?

2005లో ఉక్కు కోత మొదలైంది. 2009 ఫిబ్రవరిలో నౌక అడుగున వెన్నెముక లాంటి కీల్ వేశారు, 2013 ఆగస్టులో జలప్రవేశం, 2021 ఆగస్టులో సముద్ర పరీక్షలు, 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిక. ఉక్కు ఆలస్యం ఒక కారణం, గేర్‌బాక్సుల ఆలస్యం ఇంకోటి. విమానాలకు సంబంధించిన పరికరాలు విదేశాల నుంచి రావడంలో జాప్యం మూడోది. 262 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు, 2,200కు పైగా గదులున్న నౌకలో ఒక పరికరం ఆలస్యమైతే దాని మీదుగా వెళ్లాల్సిన పైపులు, కేబుళ్లు, గోడలు అన్నీ ఆగుతాయి. మొదటిసారి కడుతున్నవాళ్లకు ఇది తప్పదు. రెండోసారి ఇంత పట్టకూడదు, ఆ సంగతి కిందే చెబుతాను.

విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉండగా కొచ్చిలో ఎందుకు కట్టారు?

ఇంత పెద్ద నౌకకు తగ్గ డ్రై డాక్, అంటే నీళ్లు తోడేసి నౌక కట్టే గుంట, కొచ్చిలో ఉంది. 2024 జనవరిలో అక్కడ 310 మీటర్ల కొత్త డాక్ కూడా ప్రారంభమైంది, 70,000 టన్నుల విమాన వాహక నౌకకు కూడా అది సరిపోతుంది.

పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విక్రాంత్‌ను ముంచడానికే విశాఖకు వచ్చిందా?

అవును, ప్రధానంగా పాత విక్రాంత్ కోసమే. అది అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే సమయంలో విశాఖ తీరానికి దగ్గర్లో ఘాజీ మునిగిపోయింది. ఆ తర్వాత విక్రాంత్ మీది సీ హాక్, అలైజ్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ల మీద దాడి చేసి తూర్పు పాకిస్థాన్‌కు సముద్రపు దారి మూసేశాయి. ఒక జలాంతర్గామిని ప్రధానంగా ఒక్క నౌక వేటకు పంపారంటే, ఆ నౌక అవతలివాళ్లను ఎంత కలవరపెట్టిందో తెలుస్తోంది.

నౌక నిండా ఇంధనం, బాంబులే కదా. నిప్పంటుకుంటే?

డిజైనర్లకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. 1944 జూన్‌లో జపాన్ కొత్త నౌక తైహోకు ఒకే ఒక్క టార్పెడో తగిలింది. నౌక మునిగేంత దెబ్బ కాదది. కానీ విమాన ఇంధనం ట్యాంకు చిట్లి ఆవిర్లు లేచాయి, వాటిని బయటికి పంపాలని సిబ్బంది వెంటిలేషన్ తెరిస్తే ఆవిర్లు నౌకంతా పాకాయి. కొన్ని గంటల తర్వాత ఒక్క నిప్పురవ్వకు నౌక పేలిపోయింది.

1967 జులై 29న ఫారెస్టల్ డెక్ మీద ఒక రాకెట్ దానంతటదే పేలి ఇంకో విమానం ఇంధనపు ట్యాంకుకు తగిలింది. మంటల్లో బాంబులు పేలాయి. మొదటి నిమిషాల్లోనే శిక్షణ పొందిన అగ్నిమాపక బృందంలో చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్లకు పద్ధతి తెలియక, ఒకరు నురగ చల్లితే ఇంకొకరు నీళ్లు కొట్టి దాన్ని కడిగేశారు. 134 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత అమెరికా నౌకాదళంలో మంటలార్పే శిక్షణ ప్రతి నావికుడికీ తప్పనిసరి చదువైంది. నేటి నౌకల్లో డెక్ అంతటినీ తడిపే ఏర్పాట్లు, హ్యాంగర్‌ను ముక్కలుగా వేరుచేసే తలుపులు, ఇంధనపు గొట్టాలు వెళ్లే దారుల జాగ్రత్తలు అన్నింటి వెనకా ఇలాంటి మరణాలున్నాయి.

క్షిపణుల కాలంలో ఇంత పెద్ద నౌక తేలికైన గురి కదా?

గురే, కాదనలేం. చైనా దగ్గర నౌకలను కొట్టడానికి చేసిన బాలిస్టిక్ క్షిపణులున్నాయి. కానీ క్షిపణికి ముందు నౌక ఎక్కడుందో ఖచ్చితంగా తెలియాలి. గంటకు 50 కిలోమీటర్లు కదిలే నౌక, ఆచూకీ దొరికిన అరగంటకు ఎటు వెళ్లి ఉంటుందో లెక్కేసుకోండి. పైగా విమాన వాహక నౌక ఒంటరిగా తిరగదు, డెస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు, జలాంతర్గామి, సరఫరా నౌక చుట్టూ ఉంటాయి. జలాంతర్గాముల మీద కూడా అంతే ఖర్చు పెట్టాలన్న వాదనతో నేను ఏకీభవిస్తాను. ఒకదాన్ని ఇంకోదానికి ప్రత్యామ్నాయంగా చూడటమే పొరపాటు. జలాంతర్గామి దాక్కుని అడ్డుకుంటుంది, తీరానికి వేల కిలోమీటర్ల దూరంలో మన వర్తక నౌకల మీద ఆకాశాన్ని కాపాడలేదు.

ఖర్చెంత?

విక్రాంత్‌కు దాదాపు 20,000 కోట్ల రూపాయలు. 2025 ఏప్రిల్‌లో కుదిరిన 26 రఫేల్-ఎం విమానాల ఒప్పందం, ఆయుధాలు, శిక్షణ, విడిభాగాలు కలుపుకుని సుమారు 63,000 కోట్లు. నౌక కంటే విమానాలకు మూడు రెట్లు ఎక్కువ. నౌకను మనం కట్టుకున్నాం, విమానాన్ని కొంటున్నాం. తేడా అక్కడే ఉంది. మనం సొంతంగా చేసిన తేజస్ విమానంలో నౌకాదళపు రకం 2020 జనవరిలో విక్రమాదిత్య మీద దిగి, లేచి చూపించింది. 2023 ఫిబ్రవరిలో విక్రాంత్ మీదా దిగింది. యుద్ధానికి కావలసిన బరువు మోయలేదు కాబట్టి దాన్ని చేర్చుకోలేదు. అందులో నేర్చుకున్నదంతా రెండు ఇంజిన్ల నౌకాదళ విమానం డిజైన్‌కు వెళుతోంది.

మూడో నౌక వస్తుందా?

రావాలి, త్వరగా నిర్ణయించాలి. నా కారణం సైనిక వ్యూహం కంటే చేతిపనికి సంబంధించినది. విక్రాంత్ కట్టినప్పుడు వేలమంది వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, డ్రాఫ్ట్స్‌మెన్, కేబుల్ పనివాళ్లు ఆ నౌక మీద పనితనం సంపాదించారు. అది కాగితం మీద రాసి బీరువాలో దాచగలిగేది కాదు. పదేళ్లు ఖాళీ వస్తే వాళ్లలో సగం మంది రిటైరవుతారు, మిగతావాళ్లు వేరే పనుల్లోకి వెళ్తారు. బ్రిటన్ జలాంతర్గాముల నిర్మాణంలో ఇలాంటి ఖాళీ ఇచ్చి, అస్ట్యూట్ తరగతి మొదలుపెట్టినప్పుడు ఏళ్ల ఆలస్యంతో మూల్యం చెల్లించింది. ప్లేట్ల ఉక్కు విషయమూ అంతే, ఆర్డర్లు ఆగితే ఆ రకం ఉక్కు పోసే అలవాటు ప్లాంటులో తప్పిపోతుంది.

మామూలు జనం చూసే వీలుందా?

పాత విక్రాంత్ ముంబయిలో చాలాకాలం మ్యూజియంగా ఉంది, 2014లో తుక్కు కింద విడగొట్టారు. మన ఇంకో పాత విమాన వాహక నౌక విరాట్‌కూ అదే గతి పట్టింది, అలంగ్‌లో విడగొట్టారు. రెంటిలో ఒక్కటైనా మిగిల్చుకోలేకపోవడం బాధాకరం. గోవాలో వాస్కో దగ్గరున్న నౌకాదళ విమానయాన మ్యూజియంలో ఆ నౌకల మీద ఎగిరిన సీ హాక్, అలైజ్, సీ హారియర్ విమానాలను దగ్గరగా చూడొచ్చు. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ వెళ్తే ఆర్కే బీచ్‌లో కుర్సుర జలాంతర్గామి, టీయూ-142 విమానం ఉన్నాయి. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం సందర్భంగా కొన్నేళ్లు అక్కడి తీరంలో విన్యాసాలు కూడా జరిగాయి.

ఇంటర్ చదువుతున్నాను. ఇలాంటి నౌకల డిజైన్‌లో పనిచేయాలంటే ఏ బ్రాంచి తీసుకోవాలి?

నౌక ఆకారం, స్థిరత్వం మీద పనిచేయాలంటే నేవల్ ఆర్కిటెక్చర్. ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ మద్రాస్, కొచ్చి విశ్వవిద్యాలయం, విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో ఉంది. ఉక్కు మీద పనిచేయాలంటే మెటలర్జీ, వరంగల్ ఎన్‌ఐటీ మనకు దగ్గర. నీళ్లలో నమూనాలను లాగి పరీక్షించే పని ఇష్టమైతే విశాఖలోని నౌకా పరిశోధనల ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్ గురించి తెలుసుకోండి, అక్కడ టోయింగ్ ట్యాంకు ఉంది. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకూ దారులు మూసుకుపోలేదు. లీనియర్ మోటార్లు, పవర్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు రాబోయే క్యాటపుల్ట్‌కు చాలా కావాలి. డీఆర్‌డీవో ల్యాబుల్లో శాస్త్రవేత్త ఉద్యోగాలకు గేట్ స్కోరు చూస్తారు, కాబట్టి బీటెక్ మూడో ఏడాది నుంచే దానికి చదవడం మొదలుపెట్టండి. నౌకాదళం తన నౌకలను తానే డిజైన్ చేసుకుంటుంది, దాని వార్‌షిప్ డిజైన్ బ్యూరో ఢిల్లీలో ఉంది. యూనిఫాం వేసుకుని ఆ పని చేయాలనుకుంటే నౌకాదళ అధికారుల భర్తీ ప్రకటనల్లో నేవల్ కన్‌స్ట్రక్టర్ విభాగం కోసం చూడండి.